డిసెంబరు దాకా దాచిన చూపు

సీజన్ చూడనిదే అమ్మిరాజు ఏ పనికీ చెయ్యి పెట్టడు. చేపపిల్ల ఎప్పుడు వదలాలో, పట్టుబడి ఎప్పుడు చెయ్యాలో, కలకత్తాలో రేటు ఎప్పుడు లేస్తుందో ఆయనకి వేళ్ళమీద ఉంటుంది. భీమవరంలో ఇల్లు, ఆకివీడు రోడ్డులో చెరువులు, పాతికేళ్ళ అనుభవం. అంతటి మనిషి భార్యని విదేశం తీసుకెళ్ళాలనుకుంటే ఊరికే బయల్దేరతాడా? ఏ నెలలో వెళ్తే బాగుంటుందో చెప్పమని ట్రావెల్స్ నడిపే నిరంజన్‌ని ఇంటికి పిలిపించాడు. రెండువేల మూడో సంవత్సరం, ఉగాది వెళ్ళిన వారం.

వెళ్ళాలనుకున్నది శ్రీలంక. కోరిక మాత్రం ఆయనది కాదు, భార్య సూర్యకళది.

చేపల మీద బతికే ఇంటికి ఆవిడ కోడలై వచ్చి ఇరవై మూడేళ్ళయింది. వలలో ఎగిరిపడే శీలావతుల్ని చూసింది, ఐసు మధ్య నోళ్ళు తెరుచుకుని పడున్న బొచ్చెల్ని చూసింది, పులుసు పెట్టింది, తింది. నీళ్ళలో హాయిగా ఈదుకునే చేపని మాత్రం ఎప్పుడూ చూడలేదు. చెరువు నీళ్ళు పచ్చగా, చిక్కగా ఉంటేనే చేప బలుస్తుంది. ఆ నీళ్ళలో జానెడు లోతున ఏముందో దేవుడికి కూడా తెలియదు. అలాంటిది ఒకరోజు టీవీలో సముద్రం అడుగుదాకా కనిపించింది. అడుగున అద్దం బిగించిన పడవలో జనం కూర్చుని కిందకి చూస్తున్నారు. కింద నీలం చేపలు, పసుపు చారల చేపలు వాటి పనిమీద అవి పోతున్నాయి.

"ఏమండీ, ఇలా రండి, నీళ్ళకి అడుగు కనబడుతోందండీ!" అని ఆవిడ పెట్టిన కేకకి అమ్మిరాజు అన్నం చేత్తోనే లేచొచ్చాడు.

"మన చెరువులో చేపలూ కింద ఇలాగే తిరుగుతుంటాయాండీ?"

"ఏమో మరి. నేనూ చూళ్ళేదు కదా."

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ సూర్యకళకి ఆ నవ్వు లోపలిదాకా దిగలేదు. ఎందుకంటే ఆవిడ కళ్ళు పోతున్నాయి.

చిన్నప్పటి నుంచీ రేచీకటి ఉండేది. ఆకుకూరలు తినమనేవారు, తినేది. నలభై దాటాక చూపు పక్కల నుంచి మూసుకురావడం మొదలెట్టింది. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూసి, దీనికి మందు లేదనీ, చుట్టూ మూసుకుంటూ చివరికి మధ్యకొస్తుందనీ, కొందరికి పదేళ్ళు పడుతుంది, కొందరికి ముందే వచ్చేస్తుందనీ చెప్పాడు. అమ్మిరాజు అందులోంచి పదేళ్ళన్న మాట ఒక్కటీ ఏరుకుని ఇంటికొచ్చాడు. పూర్తిగా పోయేలోపు ఒక్కసారి ఆ అద్దం పడవలో కూర్చుని, ఒక్క చేప నీళ్ళలో తోక ఆడించుకుంటూ పోవడం చూస్తే చాలని సూర్యకళ అనుకుంది. తనకోసమని ఆవిడ అడిగిన మొదటి కోరిక అదే.

"శ్రీలంక చిన్న దేశమే గానండి, దానికి రెండు వానాకాలాలండి," అన్నాడు నిరంజన్ సోఫాలో ముందుకి జరిగి. "మే నుంచి సెప్టెంబరు దాకా పడమటి ఒడ్డున వాన, అల. ఆ టైములో తూర్పు ఒడ్డు శుభ్రంగా ఉంటుందండి, నీళ్ళు అడుగుదాకా కనబడతాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా తిరగబడుతుందండి. పడమర బాగుంటుంది, తూర్పున వాన. అక్టోబరు, నవంబర్లలో మాత్రం ఎటెళ్ళినా లాభం లేదండి. నీళ్ళు బురద, పడవలు కట్టేస్తారు."

"అంటే జూలై ఒకటీ, డిసెంబరు ఒకటీ," అన్నాడు అమ్మిరాజు.

"ఆయ్. పాస్‌పోర్టులు వచ్చేసరికి ఎలాగూ జూన్ అవుతుంది. జూలైలో మా బ్యాచ్ ఒకటి తూర్పుకి వెళ్తోందండి."

"జూలై ఎలా కుదురుతుందయ్యా?" అన్నాడు పక్క కుర్చీలోంచి తాతాజీ. ఆయన అమ్మిరాజుకి అన్నగారు. ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ ఆయనదే. "అమ్మ పోయింది కార్తీకంలో. ఏటిసూతకం తీరేది మళ్ళీ కార్తీకానికి. నెలనెలా మాసికాలు పెట్టుకునేవాళ్ళం సముద్రాలు దాటి షికార్లు తిరుగుతామా? పైగా ఆ తూర్పు పక్క మొన్నమొన్నటిదాకా తుపాకులు పేలాయి. డిసెంబరులో వెళ్ళండి. సూతకమూ తీరుతుంది, సీజనూ బాగుంటుంది."

"అదే నయం అన్నయ్యా," అన్నాడు అమ్మిరాజు. రెండూ కలిసొచ్చినందుకు ఆయన మొహం వెలిగిపోయింది.

సూర్యకళ తలుపు వెనక నిలబడి వింటోంది. డిసెంబరు ఎంత దూరమో ఆ గదిలో ఎవరికీ తెలియదు, ఆవిడకి తెలుసు. రోజూ పొద్దున్న మంచంమీద పడుకుని, ఎదురుగా కిటికీలో నడిమి ఊచమీద చూపు నిలిపి, తల తిప్పకుండా ఎన్ని ఊచలు కనబడుతున్నాయో లెక్కపెట్టుకునేది. కిందటి దసరాకి తొమ్మిది. ఉగాదికి ఆరు. ఆ ఆరో ఊచ కూడా ఉందో లేదో అన్నట్టుంది.

ఆ మాట గదిలోకెళ్ళి చెప్పెయ్యచ్చుగా అంటారా? చెప్తే ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. సందెవేళ గడప కనబడలేదని చెప్పిన రోజున సాయంత్రాలు బయటికెళ్ళడం మాన్పించారు. పక్కనున్న బిందె కనబడక తన్నేసిన రోజున పొయ్యి దగ్గరకి రానివ్వకుండా వంటమనిషిని పెట్టారు. నిజం చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి చేతిలోంచి లాక్కున్నారు, అదీ ప్రేమగానే. ఇప్పుడు ఆరే ఊచలున్నాయంటే, ఇంక అంత దూరం వెళ్ళి ఏం చూస్తావులే తల్లీ అంటారు. అందుకని పళ్ళబిగువున ఊరుకుంది. గోడలు తడుముకోకుండా అడుగులు లెక్కపెట్టుకుని నడిచింది. కూతురు సాయిసుధ ఇంజనీరింగ్ రెండో ఏడు. అది పక్కనుంచి వచ్చి ఏదైనా అందిస్తే, అలికిడి విని చెయ్యి చాపడం నేర్చుకుంది. ఇల్లంతా మోసపోయింది.

జూలై మొదటి వారానికి మూడు ఊచలు మిగిలాయి.

పాస్‌పోర్టులు వచ్చి బీరువాలో ఉన్నాయి. ఇరవయ్యో తారీకున బయల్దేరే బ్యాచ్‌లో ఇంకా రెండు సీట్లున్నాయని నిరంజన్ ఫోన్ చేశాడు. "మాకు డిసెంబరే లెండి," అని అమ్మిరాజు ఫోన్ పెట్టేస్తుంటే సూర్యకళ ఇంక తట్టుకోలేకపోయింది.

"ఏమండీ. డిసెంబరుకి నాకు కళ్ళుండవండీ."

"అదేంటి కళా, డాక్టరు పదేళ్ళన్నాడుగా?"

"పదేళ్ళని ఆయన మీతో అన్నాడండీ. నా కళ్ళు వినలేదు."

అమ్మిరాజు నమ్మలేదు. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, తిన్నగా చూడమని, చెయ్యి పక్కకి చాపి వేళ్ళాడించాడు. "కనబడుతోందా?"

"ఎక్కడండీ?"

చెయ్యి కొంచెం దగ్గరికి తెచ్చాడు. కనబడలేదంది. ఇంకా దగ్గరికి తెచ్చాడు. లేదంది. ఆ చెయ్యి వచ్చి వచ్చి ఆవిడ ముక్కు ముందుకి చేరాక, "ఆఁ, ఇప్పుడు," అంది. అమ్మిరాజు ఆ కుర్చీ పక్కనే నేలమీద కూలబడ్డాడు. ఎందుకు చెప్పలేదని అరిచాడు, నన్నింత పరాయివాణ్ణి చేశావా అని ఏడ్చాడు. ఆయన ఏడుస్తుంటే ఆ మొహం వెతుక్కోడానికి సూర్యకళకి రెండు సార్లు తల తిప్పాల్సి వచ్చింది.

మర్నాడే కారు కట్టించుకుని విశాఖపట్నం వెళ్ళారు. డాక్టరు పరీక్ష చేసి పెదవి విరిచాడు. "అనుకున్నదాని కంటే తొందరగా మూసుకుంటోందండి. డిసెంబరు దాకా ఉంటుందా అంటే నేను మాటివ్వలేను. ఎండలోకి వెళ్ళేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోమనండి," అన్నాడు.

కారులో సూర్యకళ మొగుడి చెయ్యి పట్టుకుంది. "ఇరవయ్యో తారీకున వెళ్ళిపోదామండీ. నాలుగు రోజులు. బావగారికి మీరు చెప్పండి."

అమ్మిరాజు తల అడ్డంగా ఊపాడు. "అన్నయ్య మాట కాదు కళా, నాకే భయం. అమ్మ పోయి ఏడాది తిరక్కుండా సముద్రం దాటితే, ఆ పాపం తగిలి ఉన్న కాస్త చూపూ పోతే? రేపు నన్ను నేను ఏం చేసుకోవాలి?"

ఆ భయం నిజమైనదే. మొండితనం అయితే దెబ్బలాడచ్చు గానీ భయంతో ఎవరు దెబ్బలాడతారు? సూర్యకళ చెయ్యి వదిలేసింది.

తుని దాటాక టీ తాగడానికి ఆగారు. ఎదర చేపల లారీ ఒకటి ఆగుంది, ఐసు కరిగి చక్రాల పక్కన నీళ్ళు కారుతున్నాయి. అమ్మిరాజు గ్లాసు పట్టుకుని ఆ లారీ వైపే చూస్తూ నిలబడ్డాడు. వెనక్కి వచ్చేసరికి మనిషిలో కొత్త హుషారు.

"కళా, రేటు లేనప్పుడు చేపని ఏం చేస్తాం? ఐసులో పెడతాం. సీజన్ వచ్చేదాకా ఆపుతాం. వెలుగు తగలకూడదని డాక్టరే అన్నాడుగా. వాడుతున్న కొద్దీ అరిగిపోతోంది నీ చూపు. వాడకపోతే మిగుల్తుంది. డిసెంబరు దాకా దాచేద్దాం."

డాక్టరు చెప్పింది ఎండలో నల్లద్దాలు. ఈయన చేసిందేమిటంటే, పడగ్గది కిటికీలకి దుప్పట్లు కట్టించాడు. మెత్తని నల్లగుడ్డ కుట్టించి పొద్దున్న లేవగానే తనే స్వయంగా భార్య కళ్ళకి కట్టేవాడు. ఇల్లు తుడిచే మనిషి కూడా లైటు వెయ్యకూడదన్నాడు. ఊచలు లెక్కపెట్టడం అసలే వద్దన్నాడు, అదీ ఖర్చే కదా అన్నాడు. ఇంత తెలివి చెరువు గట్టునే వదిలేసి వచ్చుంటే ఎంత బాగుండేది!

సాయిసుధ ఒక్కతే ఎదురు తిరిగింది. "చూపేమన్నా సెల్‌ఫోన్ బ్యాటరీయా నాన్నా, ఆఫ్ చేసి పెట్టుకుంటే మిగలడానికి? జబ్బు లోపల దాని పని అది చేసుకుపోతుంది."

"పెద్దవాళ్ళకి చెప్పేపాటిదానివి అయ్యావా?" అన్నాడు అమ్మిరాజు.

"ఊరుకోమ్మా సుధా," అంది సూర్యకళ. "ఏమో, మిగుల్తుందేమో."

ఆవిడ నమ్మిందా అంటే, నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? మునిగేవాళ్ళు చేతికి ఏది తగిలితే అది పట్టుకుంటారు, ఆవిడకి ఆ నల్లగుడ్డ తగిలింది. అది కట్టుకుని కూర్చుంటే తను ఏదో చేస్తున్నట్టు ఉండేది. ఒక్కో రోజు గడిస్తే ఒక్కో రోజు చూపు లోపల పోగుపడుతోందని అనుకునేది. శ్రావణం వెళ్ళింది. వినాయకచవితి వెళ్ళింది. ఆ ఏడు సూతకపు ఇల్లు కాబట్టి పండగల్లేవు, చూడాల్సినవేం పోలేదులే అని సర్దిచెప్పుకుంది. రాత్రి గుడ్డ తీసినా చీకటే కాబట్టి తేడా లేదు. స్నానాలగదిలో కూడా కళ్ళు మూసుకునే నీళ్ళు పోసుకునేది. ఒకసారి పెరట్లో వాన పడుతున్న చప్పుడు విని, ఆశ ఆపుకోలేక గుడ్డ ఒక కొసన పైకెత్తింది. ఎత్తిన మరుక్షణం దొంగతనం చేసినట్టు దించేసుకుని, ఆ సాయంత్రం అన్నం మానేసింది.

అమ్మిరాజు రోజూ పక్కన కూర్చుని వేళ్ళు మడిచేవాడు. "ఇంక నూటపది రోజులు. ఇంక తొంభై." ఆయన మాటల్లో ఆశ అంతకంతకూ లావెక్కుతుంటే సూర్యకళకి లోపల దడ పుట్టేది. ఆ దడ ఎందుకో తెలుసుకోవాలంటే కళ్ళు తెరవాలి, తెరిస్తే ఖర్చు.

దసరా వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్న సాయిసుధ గదిలోకి వచ్చింది. చీర గరగరలాడింది.

"అమ్మా, కాలేజీలో ట్రెడిషనల్ డే. నీ గద్వాల చీర కట్టుకున్నాను. జుట్టు కూడా కొంచెం కట్ చేయించాను, తిట్టకే."

"ఎప్పుడే కత్తిరించింది?"

"ఆగస్టులో. నీకు చెప్పాననుకున్నానే."

ఆగస్టులో. రెండు నెలలుగా కూతురు రోజూ పక్కన కూర్చుని కబుర్లు చెప్తోంది, దాని జుట్టు ఎంత ఉందో తల్లికి తెలియదు. సూర్యకళ కళ్ళమీది గుడ్డ తడుముకుంది. తను ఎవరిని చూడకుండా ఈ చూపు దాస్తోంది? ఒక చేప కోసమా?

"ఆ దుప్పటి తియ్యి సుధా. కిటికీ తెరువు."

"నాన్న తిడతారే."

"తెరవమన్నానా!"

ఎండ గదిలోకి పడింది. సూర్యకళ రెండు చేతులతో గుడ్డ లాగేసింది. కళ్ళు చిట్లించి, నీళ్ళు తుడుచుకుని చూసింది. ఎర్ర అంచు ముక్క ఒకటి కనిపించింది, అరచేతి వెడల్పున. చుట్టూ ఏమీ లేదు. తల ఎత్తింది. ఒక చెవి, దాని కింద జుంకా. చూపు పక్కకి జరిపింది. ఒక కన్ను. రెండో కన్ను కావాలంటే మొదటిది వదులుకోవాలి. కూతురి మొహం ఒక్కచోట నిలబడటం లేదు. సూర్యకళ దాని బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుని, ముక్కా, నోరూ, నుదురూ ఒక్కోటీ వెతుక్కుంది. అన్నీ కలిపి లోపల అతికించుకోబోతే అతకలేదు.

"అమ్మా, ఎంత కనబడుతోందే?" అంది సాయిసుధ ఏడుస్తూ.

సూర్యకళ కిటికీ వైపు తిరిగింది. ఒక్క ఊచ ఉంది. అది కూడా మధ్యలో ముక్కే, పైనా కిందా లేదు.

సరిగ్గా అప్పుడే అమ్మిరాజు చెరువు నుంచి వచ్చాడు. వరండాలోంచే మొదలెట్టాడు: "కళా, నిరంజన్ కబురు పంపాడు, డిసెంబరు ఇరవైకి టికెట్లు ఖాయం..." గది గుమ్మంలోకొచ్చి, కిటికీలోంచి పడుతున్న ఎండనీ, నేలమీద నల్లగుడ్డనీ చూసి ఆగిపోయాడు. తర్వాత గావుకేక పెట్టాడు. ఇరవై మూడేళ్ళలో భార్య మీద ఆయన అలా అరవలేదు.

"పాడుచేశావే! మూడు నెలలు కష్టపడి దాచిందంతా ఒక్క పూటలో తగలేశావు! ఇంక డెబ్బై రోజులు ఆగలేకపోయావా?"

సూర్యకళ గొంతు పెంచలేదు. ఆయన ఎక్కడ నిలబడ్డాడో చప్పుడుని బట్టి చూసుకుని, అటు తిరిగి చెయ్యి చాపింది.

"ఏదండీ దాచింది? మూడు నెలలు దాచాం కదా. తియ్యండి. ఇటివ్వండి, చూస్తాను."

అమ్మిరాజు గుమ్మం పట్టుకుని ఏడవసాగాడు.

"మూడు ఊచలతో కట్టారండీ ఆ గుడ్డ. విప్పితే ఒకటి కూడా పూర్తిగా లేదు. అది దాగలేదండీ. చీకట్లో కూర్చుని పోయింది. ఆ మూడు ఊచలతో నా కూతుర్ని చూసుకోవలసింది. మిమ్మల్ని చూసుకోవలసింది. వాన చూడవలసింది. నాకు మంచి సీజన్ అదేనండీ, మీరు కట్టేసిన మూడు నెలలూనూ." ఆవిడ చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది. "ఏడ్చి ఏం లాభం గానీ ఇలా వెలుతుర్లోకి రండి. ఇవాళ కనబడుతున్నది రేపు కనబడదు."

ఆయన వచ్చి మంచం ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. చేపల వాసన వేసింది. ఆవిడ ఆయన నుదుటి దగ్గర మొదలెట్టి చూడసాగింది. కనుబొమ్మల్లో నెరసిన వెంట్రుకలు కొత్తవి. ఆవిడ చూపు కిందకి దిగి పెదవుల దగ్గరకి వచ్చేసరికి అవి అదురుతున్నాయి.

కాసేపటికి అమ్మిరాజు లేచి హాల్లోకి వెళ్ళాడు. ఫోన్ తిప్పిన చప్పుడు వినిపించింది.

"నిరంజన్ గారూ, అమ్మిరాజునండి. ఆ డిసెంబరు టికెట్లు తీసేయండి. శ్రీలంకకి వెంటనే వెళ్ళాలి. ఆఁ, సూతకమే. తీరలేదు. మా అన్నయ్యకి నేను చెప్పుకుంటాను, మా అమ్మకి కూడా నేనే చెప్పుకుంటాను."

అవతల నిరంజన్ ఏదో గట్టిగా చెప్తున్నాడు. వాన అంటున్నాడో, బురద అంటున్నాడో, పడవలు కట్టేస్తారంటున్నాడో. అమ్మిరాజు కాసేపు విన్నాడు. తర్వాత ఆయన గొంతు గదిలోకి స్పష్టంగా వచ్చింది.

"సీజన్ సంగతి నేనడగలేదండీ. రేపు విమానం ఉందా, అది చెప్పండి."